ప్రాథమిక పాఠశాల పిల్లల ఆరోగ్యం, భద్రత: ఇంట్లో మొదలుపెట్టాల్సిన పనులు, వరుసగా

"పిల్లాణ్ని బడిలో వేస్తున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని బడులు తెరిచే ముందు చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్ల మనసులో ఉండేది ఎక్కువగా పెద్ద ప్రమాదాల భయమే. ఐదారేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలను రోజూ ఇబ్బంది పెట్టేవి మాత్రం చిన్న సంగతులు: మూత రాని నీళ్ల సీసా, గొళ్లెం పడని బాత్రూమ్, మారిపోయిన ఫోన్ నంబరు, మందు వేసి పంపిన జ్వరం. పెద్ద ఆపద వచ్చినా ఆదుకునేది ముందే చేసిపెట్టుకున్న ఈ చిన్న ఏర్పాట్లే.

ఇంకో మాట. ఈ వయసు వాళ్లకు జాగ్రత్తలు చెబితే సరిపోదు, చేయించాలి. "చేతులు కడుక్కో" అని వందసార్లు చెప్పించుకున్న పిల్లకు బడిలో కుళాయి అందదేమో, మనం వెళ్లి చూస్తే గానీ తెలియదు.

1. ముందు ఒక కాగితం రాయండి

బడి తెరవడానికి రెండు వారాల ముందే ఒక పేజీలో ఇవి రాసి, ఒక ప్రతి టీచర్‌కి, ఒకటి ఆఫీసులో ఇవ్వండి. ఇంకొకటి బ్యాగు లోపలి అరలో పెట్టండి.

- పూర్తి పేరు, పుట్టిన తేదీ, బరువు (పిల్లల మందుల మోతాదుకు బరువు కావాలి)
- ముగ్గురి ఫోన్ నంబర్లు, ఎవరికి ముందు చేయాలో వరుసగా
- అలర్జీలు: దేనికి, వస్తే ఎలా కనిపిస్తుంది, వెంటనే ఏం చేయాలి
- ఆస్తమా, ఫిట్స్, షుగర్, గుండె జబ్బు ఉంటే డాక్టర్ రాసిచ్చిన సూచనలు
- రోజూ వాడే మందులు
- బడి నుంచి తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల పేర్లు, ఫొటోలు

ఇక్కడ అందరూ చేసే తప్పు ఫోన్ నంబర్ల దగ్గరే. మొదటి రెండూ అమ్మానాన్నలవి, ఇద్దరూ ఒకే వేళకు పనిలో తలమునకలై ఉంటారు. మూడో నంబరు ఎక్కడో దూరాన ఉన్న బంధువుది. ఆ మూడోది మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తి, అరగంటలో బడికి చేరగలిగే మనిషిదై ఉండాలి. ఒకరోజు మధ్యాహ్నం మీరే మూడు నంబర్లకూ చేసి చూడండి. ఎవరు ఎత్తుతారో తేలిపోతుంది.

2. బడి తెరిచేలోపు చూపించాల్సినవి

టీకాల కార్డు డాక్టర్‌కి చూపించండి. పసితనంలో వేసినవి అందరికీ గుర్తుంటాయి, బడిలో చేరే వయసులో వేయాల్సిన బూస్టర్ డోసులను మరిచిపోవడం తేలిక.

కళ్ల పరీక్ష వాయిదా వేయకండి. చూపు సరిగా లేని పిల్లలు ఆ మాట పైకి చెప్పరు, లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. కళ్లు చికిలించడం, తల ఒక పక్కకు వంచి చూడడం, పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకోవడం గమనించండి. ఒక కంటి చూపు మాత్రమే మందగించిన పిల్లల్లో ఇవేవీ కనబడకపోవచ్చు కూడా. ఆ సమస్యకు ఏడేళ్లలోపు చికిత్స మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

పిలిస్తే పలకకపోవడాన్ని మొండితనమని తేల్చేసే ముందు చెవులు చూపించండి. తరచూ జలుబు చేసే పిల్లలకు చెవి లోపల నీరు చేరి కొంతకాలం వినికిడి తగ్గుతుంది.

పళ్ల విషయంలో ఒక్క సంగతి. ఆరేళ్ల వయసులో దవడ చివర కొత్త పళ్లు వస్తాయి. వాటి కోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి చాలామంది వాటినీ పాలపళ్లే అనుకుని పుచ్చినా పట్టించుకోరు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు.

3. బడి వాళ్లను అడగాల్సినవి

మొహమాటపడకుండా, కానీ తనిఖీకి వచ్చినవాళ్లలా కాకుండా అడగండి. సమాధానం కన్నా, సమాధానం చెప్పేవాళ్లకు వివరాలు ఎంత బాగా తెలుసో గమనించండి.

- పిల్లలకు ఒంట్లో బాగా లేకపోతే ఎక్కడ పడుకోబెడతారు, ఎవరు చూస్తారు?
- మందులు ఎవరి దగ్గర ఉంటాయి? ఆ మనిషి సెలవు పెడితే?
- ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవాళ్లు రోజూ కనీసం ఒకరైనా ఉంటారా?
- బాత్రూమ్‌లో సబ్బు, నీళ్లు ఎప్పుడూ ఉంటాయా? క్లాసు మధ్యలో వెళ్లనిస్తారా?
- ఆటస్థలంలో పెద్దవాళ్లు ఉంటారా?
- బడి వదిలాక పిల్లలను ఎవరికి, ఎలా అప్పగిస్తారు?
- మంటలు లేస్తే బయటికి ఎలా రావాలో పిల్లలకు సాధన చేయిస్తారా?

4. పిల్లలతో చేయించాల్సిన సాధన

అసలు పని ఇదే. రెండు వారాలు రోజుకు పది నిమిషాలు కేటాయించండి.

*బాత్రూమ్*

మా పాప మొదటి మూడు వారాలూ నీళ్ల సీసా నిండుగానే వెనక్కి తెచ్చేది. "ఎందుకు తాగవు?" అని రోజూ కసిరాను. నాలుగో వారంలో అసలు సంగతి బయటపడింది. నీళ్లు తాగితే ఒంటికి వస్తుంది, వెళ్తే ఆ తలుపు గొళ్లెం గట్టిగా ఉంటుంది, లోపల ఇరుక్కుపోతానేమోనని భయం. నేను నీళ్ల గురించి అరుస్తున్నాను, దాని బాధ గొళ్లెం.

బడిలో బాత్రూమ్‌కి వెళ్లకుండా బిగబట్టుకునే పిల్లలు చాలామందే ఉంటారు. ఒంటికి ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. రెంటికి ఆపుకుంటే మలం గట్టిపడి, వెళ్లినప్పుడు నొప్పి పుట్టి, ఆ నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటారు. ఇలా పేరుకుపోయాక కొంచెం కొంచెంగా లోదుస్తుల్లోకి కారుతుంది. అది శుభ్రత లేకపోవడం కాదు, మలబద్ధకం. తిడితే ఎక్కువవుతుంది, డాక్టర్‌కి చూపిస్తే తగ్గుతుంది.

చేయాల్సినవి:

- బడి తెరిచే ముందే బాత్రూమ్ చూపించి, తలుపు వేసి తీయడం, ఫ్లష్ చేయడం నాలుగైదుసార్లు చేయించండి.
- ఉదయం టిఫిన్ అయిన వెంటనే ఐదు, పది నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న తర్వాత పేగులు సహజంగానే కదులుతాయి. కాళ్లు వేలాడకుండా చిన్న పీట వేయండి.
- ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవడం నేర్పండి.
- తనంతట తాను విప్పుకోలేని బెల్టు, బొత్తాం ఉన్న దుస్తులు బడికి వేయకండి.
- ఒక జత లోదుస్తులు కవరులో చుట్టి బ్యాగులో ఉంచండి. అది ఎందుకుందో పిల్లలకు చెప్పండి.

*చేతులు కడుక్కోవడం*

సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. ఈ లెక్క పిల్లలకు పట్టుబడాలంటే ఒక ఆట ఉంది. కళ్లు మూయించి, అరచేతిలో కొంచెం నీటిరంగు పోసి, సబ్బు అనుకుని రుద్దుకోమనండి. కళ్లు తెరిచాక రంగు అంటని చోట్లు కనిపిస్తాయి. ఎక్కువగా బొటనవేళ్లు, వేళ్ల కొసలు, వేళ్ల సందులు. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ చెప్పనక్కర్లేదు.

తినే ముందు, బాత్రూమ్ తర్వాత, ముక్కు చీదాక, ఆట అయ్యాక. ఈ నాలుగూ గుర్తుంటే చాలు. శానిటైజర్ సబ్బుకు బదులు కాదు, నీళ్లు దొరకనప్పుడు మాత్రమే. అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. చేతులకు మట్టి ఉంటే అది సరిగా పనిచేయదు, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ మీదా దాని ప్రభావం తక్కువే.

*లంచ్ బాక్స్, నీళ్ల సీసా*

వంటింట్లో కాదు, నేల మీద కూర్చోబెట్టి, బడిలో తిన్నట్టే తినమనండి. పక్కన గడియారం పెట్టండి. మూత తీయడానికే ఐదు నిమిషాలు పడుతుంటే డబ్బా మార్చండి. త్వరగా పాడయ్యే పదార్థాలు మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బడిలో అంతకన్నా ఆలస్యంగా తింటారనుకుంటే చల్లగానో వేడిగానో నిలిపే డబ్బా కావాలి, లేదా పాడవనివే పెట్టాలి.

*సహాయం అడగడం*

మీరు టీచర్‌లా కూర్చోండి, పిల్లల చేత పైకి అనిపించండి: "టీచర్, నాకు కడుపులో నొప్పిగా ఉంది", "టీచర్, నాకు వాంతి వచ్చేలా ఉంది", "ఇంటికి ఫోన్ చేయండి". బెరుకు పిల్లలకు మాట తోచక కాదు, ఎప్పుడు అనొచ్చో తెలియక ఆగిపోతారు. క్లాసు మధ్యలోనైనా అనొచ్చని చెప్పండి. అలాగే ఒక ఫోన్ నంబరు పాటలా కంఠతా పట్టించండి.

5. రోజూ ఉదయం, రాత్రి

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. లేవాల్సిన వేళ నుంచి వెనక్కి లెక్క కట్టండి. ఆరున్నరకు లేపాలంటే తొమ్మిదికల్లా నిద్రపోయి ఉండాలి, మంచం ఎక్కి ఉంటే చాలదు. సెలవుల్లో ఆలస్యం అలవాటైతే బడి తెరిచే వారం ముందు నుంచి రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. బడి తెరిచే ముందు రాత్రి ఒక్కసారిగా ఎనిమిదింటికే పడుకోమంటే ఎవరికీ నిద్ర పట్టదు, పిల్లలకైనా పెద్దలకైనా.

బ్యాగు బరువు పిల్లల బరువులో 10 నుంచి 15 శాతం దాటకుండా చూడండి. 20 కిలోల పిల్లకు రెండు, మహా అయితే మూడు కిలోలు. రెండు పట్టీలూ భుజాలకు వేసుకోవాలి, బరువైన పుస్తకాలు వీపు వైపు ఉండాలి. వారానికోసారి బ్యాగు బోర్లించండి. రాళ్లు, పాత కాగితాలు, పోయిందనుకున్న సగం పెన్సిళ్లు అన్నీ బయటపడతాయి.

మెడ దగ్గర వేలాడే తాళ్లు, పొడుగాటి స్కార్ఫులు బడికి వద్దు. జారుడుబల్ల దగ్గర ఇరుక్కుంటే మెడకు బిగుసుకుంటాయి.

6. ఒంట్లో బాగా లేదు: పంపాలా, వద్దా?

అమ్మానాన్నలకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే, అదీ బయల్దేరే పది నిమిషాల ముందు. మూడు ప్రశ్నలు వేసుకోండి. క్లాసులో కూర్చోగలిగే ఓపిక ఉందా? టీచర్ మిగతా పిల్లలను వదిలి చూసుకోవాల్సినంత అవసరం పడుతుందా? పక్కవాళ్లకు అంటుతుందా?

ఇంట్లో ఉంచాల్సినవి:

- జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) లేదా ఎక్కువ ఉంటే. జ్వరం మందు వేయకుండానే 24 గంటలు రాకుండా ఉంటే పంపొచ్చు.
- వాంతులు, విరేచనాలు. చివరిసారి అయిన తర్వాత 48 గంటలు ఆగడం మంచిది.
- ఆటలమ్మ. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, దద్దు వచ్చిన దగ్గర నుంచి కనీసం ఐదు రోజులు.
- తట్టు. దద్దు కనిపించాక కనీసం నాలుగు రోజులు.
- కారణం తెలియని దద్దుర్లు, జ్వరంతో పాటు వస్తే. డాక్టర్ చూసేదాకా పంపొద్దు.

పంపొచ్చు: జ్వరం లేని మామూలు జలుబు, మిగిలిపోయిన కొద్దిపాటి దగ్గు, హుషారుగా ఉండి పొద్దున ఒక్క తుమ్ము తుమ్మిన పిల్లలు.

తరచూ జరిగే తప్పు: ఉదయం జ్వరం చూసి, మందు వేసి, తగ్గిందని పంపడం. నాలుగైదు గంటల్లో మందు పని అయిపోతుంది, మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ ఎక్కుతుంది. ఈలోగా నలుగురికి అంటిస్తారు, ఎవరూ ఫోన్ ఎత్తకపోతే ఆ బల్ల మీదే తల వాల్చుకుని కూర్చుంటారు. ఎవరు ఇంట్లో ఉండాలన్న లెక్క ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఈసారి ఎవరి వంతు, తర్వాత ఎవరి వంతు అన్నది జ్వరం లేనప్పుడే మాట్లాడుకోండి.

ఇంకొకటి: పిల్లల జ్వరానికి డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకూడదు. అరుదుగానైనా మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌కు దానితో ముడి ఉంది.

పేలు పడితే బడి మాన్పించనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు. పేలు ఎగరవు, దూకవు. తలకు తల ఆనితే పాకుతాయి. శుభ్రంగా ఉన్న తలకూ పడతాయి. జుట్టు తడిపి, కండిషనర్ రాసి, పేల దువ్వెనతో పాయలు పాయలుగా మూడు నాలుగు రోజులకోసారి, రెండు మూడు వారాలు దువ్వండి. ఒకసారి దువ్వి వదిలేస్తే గుడ్లు వారం, పది రోజుల్లో పొదిగి మళ్లీ మొదటికొస్తుంది.

ప్రతి సోమవారం కడుపు నొప్పి వచ్చి, సెలవు అనగానే తగ్గిపోతుంటే అది నటన అని కొట్టిపారేయకండి. బెంగ, భయం పిల్లలకు నిజంగానే కడుపు నొప్పి తెస్తాయి. పదో అంశం చూడండి.

7. బడికి వెళ్లే దారి

వచ్చే బండి వేగాన్ని, దూరాన్ని అంచనా వేసే నేర్పు పదేళ్ల లోపు పిల్లలకు సరిగా ఉండదు. ఎంత తెలివైన పిల్లయినా అంతే. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడంలో బేరాలు లేవు.

- బస్సు దిగే చోట, పిల్లలు దిగే వైపునే మీరు నిలబడండి. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపితే పిల్లలు అటే పరుగెత్తుతారు.
- బస్సుకి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. సుమారు ఐదు పెద్ద అంగలు, నడిపించి చూపండి. బస్సు వెనక నుంచి ఎప్పుడూ పోకూడదు.
- చేతిలోది ఏదైనా బస్సు కిందికి జారిపోతే తీయడానికి వంగకూడదు, డ్రైవర్‌కి చెప్పాలి. డ్రైవర్‌కి కింద వంగిన పిల్లలు కనబడరు.
- కారులో పదమూడేళ్లు నిండేదాకా వెనక సీటే. సీటు బెల్టు మెడ మీదికి వస్తుంటే బూస్టర్ సీటు (పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టేది) ఇంకా కావాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాక బెల్టు సరిగా కూర్చుంటుంది.
- సైకిల్ హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి. ఆటస్థలంలోకి వెళ్లగానే అది తీసేయాలి, కమ్మీల మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది.

8. ఆటల్లో దెబ్బలు

ముక్కు నుంచి రక్తం: తల వెనక్కి వాల్చడం తప్పు, రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యమధ్యలో వదిలి చూస్తే మళ్లీ మొదలు.

పన్ను ఊడితే: ముందు పళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మారతాయి కాబట్టి ఊడింది పాలపన్నో కాదో చూడండి. శాశ్వత పన్నయితే వేరు పట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని ఎత్తండి. మట్టి ఉంటే కొద్ది క్షణాలు కడగండి, రుద్దకండి. వెంటనే అదే గుంటలో పెట్టడం అన్నిటికన్నా మంచిది. కుదరకపోతే పాలలో వేసి గంటలోపు పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పాలపన్నును తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న కొత్త పన్ను దెబ్బతింటుంది.

తలకు దెబ్బ: ఆ రోజు మళ్లీ ఆట లేదు. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, తికమకగా మాట్లాడడం, లేపినా లేవనంత మత్తు, ఒక కంటిపాప పెద్దదిగా కనబడడం, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి. బడి వాళ్లు "చిన్న దెబ్బే" అన్నా, ఎక్కడ, ఎలా, ఎన్ని గంటలకు తగిలిందో రాయించుకోండి.

9. అలర్జీ, ఆస్తమా, ఫిట్స్, షుగర్ ఉన్న పిల్లలు

మందు బడిలో ఉండడం వేరు, అవసరానికి అందడం వేరు. తాళం వేసిన బీరువాలో మందు ఉండి, తాళం చెవి ఉన్న మనిషి లేకపోతే మందు లేనట్టే. ఎక్కడ పెట్టారో మీ కళ్లతో చూడండి.

- తీవ్రమైన అలర్జీ: దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, వాంతులు, సోలిపోవడం కనిపిస్తే డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటి వైపు వెంటనే వేసి, అంబులెన్స్ పిలవాలి. పడుకోబెట్టాలి, నడిపించకూడదు. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టొచ్చు. దురద మాత్ర దీనికి సరిపోదు.
- ఆస్తమా: రిలీఫ్ ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) రెండూ బడిలో ఉండాలి. పిల్లలు టీచర్ ముందు ఒకసారి వాడి చూపిస్తే టీచర్‌కీ ధైర్యం.
- ఫిట్స్: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, సమయం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్.
- ఇన్సులిన్ వాడే పిల్లలు: చెమటలు, వణుకు, తికమక కనబడితే ముందు తీపి పానీయం ఇవ్వాలి. ఆ స్థితిలో ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు.

10. మనుషులతో వచ్చే ఇబ్బందులు

"కొత్తవాళ్లతో మాట్లాడొద్దు" అని నేర్పడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. పిల్లలను లైంగికంగా వేధించేది ఎక్కువ సందర్భాల్లో ముందే తెలిసిన మనిషే. అందుకని మనిషిని బట్టి కాక పనిని బట్టి నేర్పండి. స్నానపు దుస్తులు కప్పే భాగాలను ఎవరూ తాకకూడదు, చూపించమనకూడదు. డాక్టర్ చూడాలన్నా అమ్మో నాన్నో పక్కన ఉండాలి. "ఇంట్లో చెప్పొద్దు" అని ఎవరైనా అంటే, ఆ మాటే మనకు చెప్పాలి. ఆ భాగాలకు ముద్దుపేర్లు కాకుండా అసలు పేర్లు నేర్పితే, రేపు ఏదైనా జరిగితే చెప్పగలుగుతారు.

ఇంట్లో ఒక రహస్య పదం పెట్టుకోండి. "మీ అమ్మ పంపింది" అని ఎవరు వచ్చినా ఆ పదం చెప్పాలి. చెప్పకపోతే వెంటనే టీచర్ దగ్గరికి వెళ్లాలి. నెలకోసారి మీరే పరీక్షించండి.

తోటి పిల్లలు ఏడిపిస్తుంటే పిల్లలు నేరుగా చెప్పరు. వస్తువులు తరచూ పోవడం, చిరిగిన బట్టలు, వచ్చీరాగానే ఆకలి, ఒక్కసారిగా బడి వద్దనడం గుర్తులు. "ఇవాళ బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?", "ఆటలో ఎవరు ఏడ్చారు?" అని అడగండి. చెబుతున్నప్పుడు అరవకండి, "నువ్వేం చేశావు ముందు?" అనకండి. తేదీలతో రాసుకుని టీచర్‌ని కలవండి. "తిరిగి కొట్టు" అన్న సలహాతో దెబ్బలాట పెద్దదై, చివరికి మీ పిల్లల పేరే తప్పు జాబితాలో చేరుతుంది.

11. నెలకోసారి

- మూడు ఫోన్ నంబర్లూ పనిచేస్తున్నాయా?
- ఇన్‌హేలర్, ఇంజెక్షన్ గడువు తేదీలు, మిగిలిన డోసులు
- బూట్లు: బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉందా?
- హెల్మెట్ పట్టీ, కారు బెల్టు కొలత
- రహస్య పదం గుర్తుందా?
- నీళ్ల సీసా ఎంత ఖాళీ అయి వస్తోంది?